ఓడలో బాతు బొమ్మలు దాచే ఆట: చెన్నై ఓడలో నడుస్తుందా?

పెరంబూరు కోడలు
కిందటి మే నెలలో సింగపూర్ నుంచి పెనాంగ్ వెళ్ళే ఓడ ఎక్కాం. రెండో రోజు పొద్దున కాఫీ కప్పుతో మెట్లు దిగుతుంటే, మలుపులో కిటికీ గట్టు మీద బొటనవేలంత రబ్బరు బాతు కనిపించింది. మెడకి దారంతో కట్టిన చిన్న అట్టముక్క. ఎవరి పిల్లలు పారేసుకున్నారో పాపం అని, అట్ట మీద ఏముందో కూడా చూడకుండా తీసుకెళ్ళి రిసెప్షన్‌లో ఇచ్చాను. అక్కడి అమ్మాయి నవ్వి, అట్ట తిప్పి చూపించింది. దొరికితే నీదే, ఉంచుకో, లేదంటే ఇంకోచోట దాచు అని ఇంగ్లీషులో రాసి ఉంది.

ఇక మా ఏడేళ్ళవాడు సముద్రం వైపు చూస్తే ఒట్టు. పూలకుండీల వెనక, లైబ్రరీ అరల్లో, లిఫ్టు పక్కనున్న బల్ల కింద... దిగేలోపు మూడు పట్టుకున్నాడు. రెండు మళ్ళీ దాచేశాడు, ఒకటి మా ఫ్రిజ్ మీదుంది.

ఇప్పుడు చెన్నై నుంచి విశాఖ ఓడకి టిక్కెట్లు తీసుకున్నాం. షావుకారుపేటలో రెండు డజన్ల బాతులు కొన్నాను. నొక్కితే కీచుమంటాయి, ఇంట్లో అప్పుడే తలనొప్పి మొదలైంది.

చిక్కల్లా మా అత్తగారితోనే. "మెట్ల మూల బొమ్మ పెడితే దిష్టి తీసి పడేశారనుకుంటారే. ముట్టుకోవడం మాట అటుంచు, తొక్కకుండా చుట్టూ తిరిగి పోతారు" అంటారు. నవ్వాను గానీ, ఆవిడ అన్నదీ నిజమే అనిపిస్తోంది. రైల్వే స్టేషన్లో చిన్నప్పట్నుంచీ వింటున్నది కూడా, దిక్కులేని వస్తువు ముట్టుకోవద్దనే కదా. మనవాళ్ళున్న ఓడలో ఎవరైనా చేసి చూశారా? ఎక్కడ దాచాలి, ఎక్కడ కూడదు?

పాత హౌస్‌కీపింగ్
ఆరేళ్ళు ఓడల్లో గదులు సర్దాను, కాబట్టి కూడనివి ముందు చెప్తా. లైఫ్ జాకెట్ల పెట్టెలు, మంటలార్పే సిలిండర్ల దగ్గర అసలే వద్దు. ఒకసారి డ్రిల్ రోజున పెట్టె తెరిస్తే జాకెట్ల మధ్య నాలుగు బాతులు కూర్చుని ఉన్నాయి. మాకు నవ్వొచ్చింది, ఆఫీసరుకి రాలేదు. ఈతకొలనులో వదలొద్దు, నీళ్ళు లాగే జాలీకి అడ్డం పడతాయి. భోజనాల దగ్గరా వద్దు. షాపుల్లో పెడితే తీసుకున్నవాళ్ళు దొంగల్లా కనిపిస్తారు. కుర్చీ ఎక్కి దాచాల్సిన చోటైతే వదిలేయండి. మెట్ల మలుపులు, పుస్తకాల అరలు, సోఫా పక్క బల్లలు చాలు. మరీ చిన్నవి పసిపిల్లలకి అందేంత కింద పెట్టకండి, వాళ్ళకి ఏది దొరికినా ముందు నోట్లోకే.

అట్ట మీద తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ రాయండి. అత్తగారి భయం సగం తీరిపోతుంది.

విశాఖ మనవడు
ఈ ఆట 2018లో, కార్నివాల్ బ్రీజ్ అనే ఓడలో, అమెరికా పాప ఒకతె బాతులు దాచడంతో మొదలైంది. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో క్రూజింగ్ డక్స్ అని పెద్ద గుంపే ఉంది, దొరికిన బాతుల ఫోటోలు పెడుతుంటారు. 2020లో కెనడాలో జీప్ కార్ల మీద బాతులు పెట్టడం కూడా మొదలైంది, అది వేరే పిచ్చి.

నా గోలల్లా రబ్బరు గురించే. డెక్ రెయిలింగ్ మీద మాత్రం పెట్టకండి, గాలికి పడితే అంతే. 1992లో పసిఫిక్‌లో తుఫానుకి ఓ సరుకు ఓడ నుంచి కంటైనర్లు పడిపోయి 28,800 స్నానాల బొమ్మలు నీళ్ళపాలయ్యాయి. బాతులు, తాబేళ్ళు, కప్పలు, బీవర్లు. పది నెలలకి అలాస్కా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, వాటి దారి చూసి శాస్త్రవేత్తలు సముద్ర ప్రవాహాల లెక్కలు సరిచూసుకున్నారు. మీ బాతులతో అంత పరిశోధన ఎందుకండీ?

విశాఖ వస్తున్నారుగా, ఏటికొప్పాక బొమ్మలు కొనండి. అంకుడు కర్ర, లక్క రంగు. తిరుగు ప్రయాణంలో లక్కపిడతలు దాచి చూడండి, మనవాళ్ళు చూడగానే పోల్చుకుంటారు.

పెరంబూరు కోడలు
వెళ్ళొచ్చాం! పోయేటప్పుడు బాతులు, వచ్చేటప్పుడు ఏటికొప్పాక లక్కపిడతలు.

మొదటి బాతుని మెట్ల మలుపులో పెట్టాం. అత్తగారు ఎదురుగా సోఫాలో కూర్చుని గంటసేపు కదల్లేదు. "ఎవరూ తీయకపోతే నేనే గెలిచినట్టు" అన్నారు. ఓ పెద్దాయన వంగి చూశారు, వెనక్కి జరిగారు, భార్యని పిలిచారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అట్ట చదివి, బాతుని కొంగులో చుట్టుకుని చక్కా పోయింది. తర్వాతి బాతుని అత్తగారే దాచారు. ఎక్కడో మాక్కూడా చెప్పలేదు.

లక్కపిడతలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే మాయమయ్యాయి. బుల్లి తిరగలి పెట్టిన లైబ్రరీ అరలో మర్నాడు చూస్తే, దాని బదులు కాగితంలో చుట్టిన రెండు పల్లీ చిక్కీలున్నాయి. చిక్కీలు ఇప్పటికీ నా బ్యాగులోనే ఉన్నాయి. మావాడు తింటానంటాడు, అత్తగారు వద్దంటారు. మీరైతే ఏం చేస్తారు?