మంచి పాలకుడు దొరికితే ఎన్నికలెందుకు?

వాసు_వైట్‌ఫీల్డ్: మా అపార్ట్‌మెంట్‌కి చాలాకాలం ఒకాయనే ప్రెసిడెంట్. ఎవరినీ అడిగేవాడు కాదు, పని మాత్రం అయిపోయేది. బోరు ఎండితే సాయంత్రానికల్లా ట్యాంకర్ గేటు దగ్గర ఉండేది. ఇప్పుడు తొమ్మిదిమంది కమిటీ వచ్చింది, లిఫ్ట్ మెయింటెనెన్స్ ఎవరికివ్వాలో ఇంకా తేలలేదు. అధికారం ఒకచోటే ఉండాలన్న ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్ మాట నిజమేననిపిస్తోంది. 2020 సెప్టెంబరులో బెంగళూరు కార్పొరేటర్ల గడువు తీరాక ఏళ్ల తరబడి అధికారులే నడిపారు కదా, మీకేం తేడా కనిపించింది? పార్టీల గొడవ వద్దు, సొంత అనుభవం చెప్పండి.

శైలజ: తేడా ఎందుకు కనపడదండీ! మా కార్పొరేటర్ మహానుభావుడేం కాదు. కానీ మోరీ పొంగితే పొద్దున్నే నలుగురం వాళ్లింటి ముందు నిలబడేవాళ్లం. ఓట్లు కావాలి కాబట్టి కాఫీ ఇచ్చి మరీ వినేవాడు. తర్వాత ఇంజినీరు దగ్గరికెళ్తే యాప్‌లో పెట్టమన్నారు. పెట్టాం. సమస్య తీరిందని మెసేజ్ వచ్చింది, మోరీ అలాగే ఉంది. అడుగుదామని వెళ్తే ఆయనకి ట్రాన్స్‌ఫర్.

చెన్నై_రమణ: ఇక్కడా 2016 నుంచి 2022 దాకా కార్పొరేషన్‌కి కౌన్సిలే లేదు. ఎన్నికలయ్యాక స్వర్గమేం దిగిరాలేదు లెండి. మా వార్డులో గెలిచింది ఆవిడ, ఫోన్ ఎత్తేది వాళ్లాయన! అయినా ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలిసింది.

పాతపుస్తకం: వాసు గారూ, హాబ్స్‌ని సగమే తీసుకున్నారు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో 1649లో రాజు తలే పోయింది. ఆ భయంలోంచి వచ్చిన పుస్తకం ఆయనది, 1651లో. రాజే మేలన్నాడు గానీ సర్వాధికారం సభకిచ్చినా సరేనన్నాడు. ఇచ్చాక మాత్రం జనం వెనక్కి తీసుకోకూడదన్నాడు. చిక్కంతా అక్కడే. మీ తొమ్మిదిమందిని దించే దారి లేకపోతే అదీ హాబ్స్ ప్రభుత్వమే.

హాబ్స్ తర్వాత వచ్చిన ఇంకో ఇంగ్లిష్ తత్వవేత్త లాక్ అయితే, జనం స్వేచ్ఛకి ఎక్కువ ప్రమాదం మంచి రాజుల కాలంలోనే అన్నాడు. మంచివాడు కదా అని అడక్కుండా వదిలేసిన అధికారాలను తర్వాత వచ్చినవాడు తన హక్కంటాడు.

కిరణ్: ఇవన్నీ పుస్తకాల్లో బాగుంటాయి బ్రో. మైసూరు దివాన్‌గా చేసిన విశ్వేశ్వరయ్య గారిని ఎవరు ఎన్నుకున్నారు? ఓట్లేయించి ఉంటే కావేరి మీద కేఆర్ఎస్ డ్యామ్ లేచేదా?

పాతపుస్తకం: ఆయనకి ముందే, 1881లో దివాన్ రంగాచార్లు మైసూరులో 144 మందితో ప్రజాప్రతినిధి సభ పెట్టించారు. చట్టాన్ని ఆపే హక్కు లేదు, కష్టం చెప్పుకోవడమే. మహారాజుల రాజ్యంలోనే ఆ అవసరం వచ్చింది. ఇక విశ్వేశ్వరయ్య గారు 1918లో దివాన్‌గిరీ వదిలింది ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరుల వాటా విషయంలో మహారాజుతో కుదరక. డ్యామ్ ఎత్తు ఇంజినీరు తేలుస్తాడు. ఎవరి వాటా ఎంతన్నది ఇంజినీరు తేల్చేది కాదు.

లత: లాక్ చెప్పింది మా ఫ్లాట్స్‌లో జరిగింది. చెక్కు మీద ఒక్క సంతకం చాలన్న పద్ధతి మంచి ప్రెసిడెంట్ టైములోనే వచ్చింది, ఆయన మీద నమ్మకంతో. తర్వాతాయన అదే సంతకంతో కార్పస్ ఫండ్ (అందరం కట్టి దాచిన నిధి) తీసి క్లబ్‌హౌస్‌కి ఇటాలియన్ మార్బుల్ వేయించాడు. లెక్కలడిగితే "ముందాయన్ని అడిగారా?" అన్నాడు.

వాసు_వైట్‌ఫీల్డ్: మా దగ్గరా ఒక్క సంతకమే అండీ, ఇప్పటికీ! ఆదివారం జనరల్ బాడీ ఉంది.

లత: రెండు సంతకాలు పెట్టించండి. లిఫ్టు, మోటారు లాంటి అర్జెంటు రిపేర్లకి మాత్రం సెక్రటరీకి ఒక లిమిట్ వరకు వదిలేసి, నెలాఖరున బిల్లులు నోటీసు బోర్డు మీద అంటించమనండి. లేకపోతే ప్రతి బల్బుకీ మీటింగే.