జ్వరం తగ్గడం వేరు, కోలుకోవడం వేరు

"ఆర్థిక వ్యవస్థ కోలుకుంది" అన్న వాక్యం వార్తల్లో కనిపించినప్పుడల్లా నాకు 2021 గుర్తొస్తుంది. ఆ మాట గురించే ఈ పోస్టు.

నా చిన్నప్పుడు మా అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగాక కూడా మూడు వారాలు గోడ పట్టుకునే నడిచింది. చారన్నం రెండు ముద్దలు తిని చాలనేది. ఎవరైనా అడిగితే నాన్న "జ్వరం తగ్గిందండీ, ఇంకా కోలుకోలేదు" అనేవారు. ఒకరోజు బావి దగ్గర్నుంచి తనే నిండు బిందె చంకనెత్తుకుని వచ్చింది. పక్కింటి అత్తయ్యగారు చూసి "హమ్మయ్య, వదిన కోలుకుంది" అన్నారు. పోయిన బలం మళ్లీ వస్తేనే ఆ మాట.

"కోలు" అంటే తీసుకోవడం, కొను ధాతువు నుంచి పుట్టింది. వేడుకోలు, వీడుకోలులో ఉన్నది అదే. కొనుగోలులోనూ అదే, క కాస్తా గ అయింది. అంటే కోలుకోవడం, కొనుగోలు ఒక తల్లి బిడ్డలు.

2021 ఆగస్టు 31న కేంద్రం లెక్కలు విడుదల చేసింది. ఏప్రిల్-జూన్‌లో జీడీపీ, అంటే దేశంలో తయారైన వస్తువులు, సేవల మొత్తం విలువ, ముందేడాది అవే నెలలతో పోలిస్తే 20.1 శాతం పెరిగిందని, ఇంగ్లీషు 'వి' అక్షరంలా పడి లేచిందని చెప్పారు. స్థిర ధరల్లో, అంటే ధరల పెరుగుదల తీసేసి చూస్తే ఆ మూడు నెలల జీడీపీ 32.38 లక్షల కోట్లు. లాక్‌డౌన్ ఉన్న 2020లో 26.95, అంతకు ముందు 2019లో 35.66. రెండేళ్ల కిందటి మెట్టు ఇంకా ఎక్కనేలేదు. అంకె అబద్ధం కాదు, మాటే తొందరపడింది. మూర్ఛపోయిన మనిషి కళ్లు తెరిస్తే "తేరుకున్నాడు" అంటాం. అప్పటికి ఆ మాట చాలు.

ఆ 2021 జూన్‌లోనే హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు వంద దాటింది. ఖాతాలో పడే గ్యాస్ సబ్సిడీ అంతకు ఏడాది ముందే చాలామందికి ఆగిపోయింది. మా ఇంట్లో లీటరు నూనె ప్యాకెట్ పోయి అరలీటరు వచ్చింది. అమ్మ పోపు గిన్నెలోకి నూనె వంచడం మానేసి చెంచాతో కొలిచి వేసేది. బిందె మోసిన ఆ చెయ్యే. కొనుగోలు సగమైన ఇంటికి వచ్చి కోలుకున్నారని చెబితే ఎలా నమ్ముతాం?

ఈ పోస్టు కింద ఒక సభ్యురాలు: పేపర్లలో "పుంజుకుంది" అని కూడా రాస్తారు కదండీ, అదీ తప్పేనా?

నా జవాబు: కాదండీ, అది సరైన మాటే. వాన పుంజుకుంది అంటే జోరు పెరిగిందనే అర్థం. చెరువు నిండిందని ఎవరూ అనుకోరు. 2021 లెక్కకు ఆ మాట వాడి ఉంటే నాకే అభ్యంతరమూ ఉండేది కాదు.