ఐర్లాండ్ కౌలు తీర్పులు: ఆలస్యం తప్పనిదా, అన్యాయమా?

పాతకాగితం:
1881 ఆగస్టులో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఐర్లాండ్ కౌలు రైతుల కోసం చట్టం తెచ్చింది. కౌలు ఎక్కువనిపిస్తే, కౌలు తేల్చే కోర్టులా పనిచేసే ల్యాండ్ కమిషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు తేల్చిన కౌలు 15 ఏళ్లు మారదు. అక్టోబరులో కమిషన్ పని మొదలుపెట్టగానే దరఖాస్తులు వేలల్లో వచ్చిపడ్డాయి. కేసు పిలుపు రావడానికి చాలామందికి నెలలు పట్టింది, కొందరికి ఏడాది దాటింది. అన్నాళ్లూ రైతు పాత కౌలే కట్టాలి. ఇది రైతు నోటి దగ్గర కూడు లాక్కోవడమేనని నా అభిప్రాయం.

గట్టుమీద:
పాతకాగితం గారూ, ఒక్కో పొలం తిరిగి చూడకుండా తీర్పు ఎలా ఇస్తారండీ? కమిషన్ తరఫున కేసులు చూసే సబ్ కమిషన్ అంటే ఒక న్యాయవాది, భూమి సంగతి తెలిసిన ఇద్దరు. వాళ్లు పొలంలో దిగి మట్టి చూడాలి, నీళ్లు పోయే కాలువ ఎవరు తవ్వించారో, గోడ ఎవరు కట్టారో అడగాలి. రైతు బాగుచేసుకున్న దానికి కౌలు వేయకూడదని చట్టంలోనే ఉంది కదా. పైగా న్యాయమైన కౌలంటే ఎంతో చట్టం లెక్క చెప్పలేదు. తొందరపడితే నష్టపోయేది రైతే.

పాతకాగితం:
పొలం చూడొద్దని నేననలేదండీ. కొత్త కౌలు ఏ రోజు నుంచి లెక్కకు వస్తుంది అన్నదే నా గొడవ. తీర్పు తర్వాత వచ్చే కిస్తీ నుంచి అని 1881 చట్టం రాసింది. ఏడాదికి 20 పౌండ్ల కౌలును కోర్టు 16 చేసిందనుకోండి. అప్పట్లో సగటున అయిదో వంతు దాకా తగ్గించేవారు. తీర్పు రెండేళ్లు ఆలస్యమైతే 8 పౌండ్లు పోయినట్టే, తిరిగి రావు. అందుకే కేసు సాగితే భూస్వామికే లాభం.

మెట్టపొలం:
అసలు కోర్టు గుమ్మం తొక్కలేనివాళ్ల మాటేంటి? లీజు రాసుకున్నవాళ్లను చట్టం బయటే ఉంచింది. బకాయిలున్న లక్ష మందికి పైగా రైతులకూ దారి లేదు, బేదఖలు భయం ఒక్కటే మిగిలింది. వాళ్ల కోసం 1882లో బకాయిల చట్టం విడిగా తేవాల్సొచ్చింది. అదీ కౌలు రైతుల ఉద్యమ నాయకుడు పార్నెల్‌ను కిల్‌మైన్‌హామ్ జైల్లో పెట్టి, చివరికి ఆయనతోనే రాజీ చేసుకున్నాక!

గట్టుమీద:
లీజుల విషయం ఒప్పుకుంటాను. కానీ ఒక మాట. 1880ల నడుమ పంటల ధరలు పడిపోయాయి. ముందే తీర్పు తెచ్చుకున్నవాళ్లకు మంచి ధరల నాటి కౌలు 15 ఏళ్లకు ఖాయమైంది. ఆలస్యంగా వెళ్లినవాళ్లకు ఎక్కువ తగ్గింది. ఆలస్యం అందరినీ ముంచలేదు.

పాతకాగితం:
నిజమే, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కానీ ఆ తగ్గింపు దక్కాలంటే అప్పటిదాకా భూమి చేతిలో ఉండాలి కదండీ. పాత కౌలు కట్టలేక బేదఖలైన కుటుంబానికి తగ్గిన కౌలు దేనికి? 1887లో చట్టం మార్చి, దరఖాస్తు పెట్టిన తర్వాతి కిస్తీ నుంచే కొత్త కౌలు వర్తిస్తుందన్నారు, లీజుదారులనూ లోపలికి రానిచ్చారు. ఆలస్యం వల్ల రైతు నష్టపోకుండా ఉండటానికి పొలం చూడటం మానక్కర్లేదు, ఆ ఒక్క తేదీ మారిస్తే చాలు. ఆ తేదీ వాక్యం 1881లోనే రాసి ఉంటే సరిపోయేది.