చిన్న ఆఫీసుకి నాస్: రెయిడ్ 5 పెడితే బ్యాకప్ అక్కర్లేదా?

గీతలపని:
మాది ఎనిమిది మంది పనిచేసే డిజైన్ ఆఫీసు. ఇప్పటిదాకా ఒక పాత పీసీలో ఫోల్డర్ షేర్ చేసి నెట్టుకొస్తున్నాం. అది అప్‌డేట్ అంటూ రీస్టార్ట్ అయిందంటే అందరం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. డేటా మొత్తం 2 టీబీ లోపే. నాలుగు డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌లో అందరికీ ఫైళ్లు అందించే స్టోరేజ్ పెట్టె) కొని రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా డిస్కులన్నిటినీ కలిపే పద్ధతి) పెట్టుకుంటే ఇక బ్యాకప్ బెడద ఉండదని తెలిసినాయన చెప్పారు. నిజమేనా? అకౌంట్స్ డేటా కూడా అందులోనే పెట్టొచ్చా? ఇంటి నుంచి కూడా ఫైళ్లు తెరుచుకోవాలి.

తీగలాగితే:
ఆ తెలిసినాయన మీద నాకు కోపమేం లేదు గానీ, ఆ మాట మాత్రం నమ్మకండి. డిస్కు పోయినా పని ఆగకుండా చూడటమే రెయిడ్ పని. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేశారనుకోండి, రెయిడ్ ఆ డిలీట్‌ని కూడా శ్రద్ధగా అన్ని డిస్కుల్లోనూ అమలు చేస్తుంది.

మీ డేటాకి 4 టీబీ డిస్కులు రెండు, రెయిడ్ 1 (ఒకే డేటా రెండిట్లోనూ రాసే పద్ధతి) చాలు. విండోస్‌లో 3.6 అని కనిపిస్తుంది, అది లెక్క తేడానే. డిస్కు సీఎంఆర్ రకమేనా అని చూసుకుని కొనండి, ఎస్ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదొకటి కప్పి రాసే రకం) అయితే రీబిల్డ్, అంటే పోయిన డిస్కు బదులు పెట్టిన కొత్తదాన్ని నింపడం, ఒక పట్టాన తెమలదు. మిగిలిన డబ్బు యూపీఎస్ మీద, బ్యాకప్ డిస్కుల మీద పెట్టండి. బ్యాకప్ డిస్కులు రెండుండాలి, వాటిలో ఒకటి ఎప్పుడూ ఆఫీసు బయటే ఉండాలి. నాస్‌లో స్నాప్‌షాట్ (ఫైళ్లు అప్పటికి ఎలా ఉన్నాయో అలా గుర్తుపెట్టుకునే) సౌకర్యం ఉంటే ఆన్ చేయండి, నిన్నటి ఫైలు కావాలంటే నిమిషంలో దొరుకుతుంది.

అసలు కష్టం పెట్టెలో లేదు, పర్మిషన్లలో ఉంది. పెట్టె కొనకముందే కాగితం మీద రాసుకోండి: ఏ ఫోల్డర్ ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు. మనిషి పేరు మీద ఇవ్వకండి. "డిజైన్", "లెక్కలు" అని గ్రూపులు చేసి వాటికి ఇవ్వండి. మనుషులు వస్తుంటారు పోతుంటారు, అప్పుడు గ్రూపులో పేరు మారిస్తే సరిపోతుంది. పూర్తయిన ప్రాజెక్టులన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి, అందరికీ చదవడానికి మాత్రమే ఇవ్వండి. ఎందుకంటే రాన్సమ్‌వేర్ (డబ్బు గుంజే వైరస్) ఎవరి కంప్యూటర్లోకి దూరితే, ఆ లాగిన్‌తో రాయగలిగిన ఫైళ్లన్నిటికీ తాళం వేస్తుంది. యజమాని అన్నీ మార్చగలిగే అడ్మిన్ లాగిన్‌తో రోజూ మెయిల్ చూసే ఆఫీసులు నేను చాలా చూశాను. చెబితే "నా ఆఫీసేగా" అంటారు!

అందరికీ కలిపి ఒకే గెస్ట్ లాగిన్ అనుకుంటున్నారేమో, విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి అది మామూలుగా పనిచేయదు. పాత స్కానర్ కోసం ఎస్ఎంబీ 1 (విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి) ఆన్ చేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2017లో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ దారినే.

ఇంటి నుంచి అయితే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళమున్న దారి). రౌటర్లో పోర్టు తెరిచి నాస్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి వదలొద్దు. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అలాంటి నాస్‌లనే వెతికి పట్టుకుంది.

పద్దుపుస్తకం:
అకౌంట్స్ గురించి నేను చెప్తానండి, నా పని అదే. వర్డ్, పీడీఎఫ్ లాంటివి షేర్‌లో హాయిగా ఉంటాయి. అకౌంటింగ్ ప్యాకేజీ డేటా డేటాబేస్ కదా, ఎంట్రీ మధ్యలో వైఫై తెగితే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. ప్యాకేజీకి సర్వర్ పద్ధతి ఉంటే దాన్ని ఒక పీసీలో నడిపి, రాత్రి తీసే బ్యాకప్‌ని మాత్రం నాస్‌లోకి పంపండి. ఆ బ్యాకప్‌ని అప్పుడప్పుడూ వేరే పీసీలో రిస్టోర్ చేసి, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందో చూసుకోండి. "బ్యాకప్ సక్సెస్" అన్న మెసేజ్‌ని నేను నమ్మను.

గీతలపని:
ఇద్దరికీ థాంక్స్. రెండు డిస్కులదే తెప్పించాం. గ్రూపుల కాగితం రాస్తుంటే ఆఫీసులో చిన్న యుద్ధమే జరిగింది, అది వేరే కథ. ఇప్పుడింకో సందేహం: ఒక సీటులో కాపీ సెకనుకి 11 ఎంబీ దాటట్లేదు. మిగతా వాళ్లకి 110 దాకా వస్తోంది. ఆ పీసీ పాతదనా?

తీగలాగితే:
పీసీ కాకపోవచ్చండి. 11 అంటే ఆ లింకు 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు) కూర్చుంది. గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా లింకు సాధారణంగా 100కి దిగిపోయి పనిచేస్తూనే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ముందు పీసీ దగ్గరి కేబుల్ మార్చి లింక్ స్పీడ్ చూడండి. అప్పటికీ 100 అనే చూపిస్తే గోడ సాకెట్ విప్పించి తీగలు మళ్లీ బిగించమనండి.