ఆర్‌ఎస్‌ఐ 70 దాటితే షేరు అమ్మేయాలా? బేరిష్ డైవర్జెన్స్‌ను ఎలా చదవాలి?

ప్రశ్న:
ఆర్‌ఎస్‌ఐ (రిలేటివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్, ధర కదలికలోని జోరును కొలిచే అంకె) 70 దాటిందంటే షేరు ఓవర్‌బాట్ (అతిగా కొనేసిన) స్థితికి చేరినట్టేనని, ఇక ధర పడుతుందని చాలామంది చెబుతుంటారు. కానీ 2023 డిసెంబరులో నిఫ్టీ 21,000 దాటినప్పుడు రోజువారీ చార్టులో ఆర్‌ఎస్‌ఐ 70కి పైనే ఉంది. డిసెంబరు 20న ఒక్కరోజే సుమారు 300 పాయింట్లు పడినా, నెల ముగిసేలోపే సూచీ మళ్లీ కొత్త గరిష్ఠాలను తాకింది. మరి పతనాన్ని ముందుగా పసిగట్టడానికి ఇలాంటి మొమెంటం (జోరును కొలిచే) ఇండికేటర్లు పనికొస్తాయా? నేను డెలివరీలో కొని నెలల తరబడి ఉంచుకుంటాను, ఇంట్రాడే చేయను.

సమాధానం 1:
సగం జవాబు మీ ఉదాహరణలోనే ఉందండీ. 1978లో వెల్స్ వైల్డర్ పరిచయం చేసిన ఆర్‌ఎస్‌ఐ, సాధారణంగా 14 రోజుల సగటు పెరుగుదలను సగటు తరుగుదలతో పోల్చి, ఆ నిష్పత్తిని 0 నుంచి 100 లోపు అంకెగా చూపుతుంది. పెరుగుదల తరుగుదలకు రెండింతలుంటే ఆర్‌ఎస్‌ఐ దాదాపు 67, మూడింతలుంటే 75. కాబట్టి 70 దాటడమంటే కొనుగోళ్ల జోరు గట్టిగా ఉందనే తప్ప, అది అయిపోయిందని కాదు. బలమైన ర్యాలీలో ఆ అంకె వారాల తరబడి అక్కడే తిరుగుతుంది.

బేరిష్ డైవర్జెన్స్, అంటే ధర కొత్త శిఖరాన్ని తాకినా ఆర్‌ఎస్‌ఐ తాకకపోవడం, దాని సంగతి వేరు. ఒక షేరు రూ.500కు వేగంగా చేరినప్పుడు ఆర్‌ఎస్‌ఐ 78 ఉందని, అక్కడి నుంచి రూ.470కి దిగి మళ్లీ రూ.515కు ఎక్కినప్పుడు మాత్రం 66 దగ్గరే ఆగిందని అనుకుందాం. ధర కొత్త శిఖరాన్ని అందుకుంది, జోరు అందుకోలేదు. అయితే దీన్నిబట్టి తేలేది రెండో పెరుగుదల మొదటిదానంత ఊపుతో సాగలేదన్నంత వరకే. అలాంటి షేరు పడవచ్చు, లేదా కొన్ని వారాలు ఉన్నచోటే కదలాడి తిరిగి పైకి పోవచ్చు. అందుకే రెండు శిఖరాల నడుమ ఏర్పడిన కనిష్ఠం, ఇక్కడ రూ.470, దాని కంటే దిగువన ముగింపు ధర నమోదయ్యే వరకు నేను దాన్ని హెచ్చరికగానే చూస్తాను. అప్పటిదాకా ఆగితే శిఖరం నుంచి రూ.45 పోయినట్టే. ఆ మొత్తం ఎక్కువనిపించేవారు డైవర్జెన్స్ కనిపించినప్పుడే కొంత భాగం అమ్ముకోవడం మేలు. మీలా నెలల తరబడి ఉంచుకునేవారికి రోజువారీ చార్టు కంటే వారపు చార్టు నయం. సంకేతాలు తక్కువగా వస్తాయి, తప్పుడువి ఇంకా తగ్గుతాయి.

సమాధానం 2:
ఆర్‌ఎస్‌ఐ ఒక్కదాన్నే నమ్మకుండా ఎంఏసీడీ కూడా చూడండి. 12, 26 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటుల (ఇటీవలి ధరలకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చే సగటులు) తేడానే ఎంఏసీడీ. అది తన 9 రోజుల సిగ్నల్ గీతను (ఆ తేడాకే తీసిన సగటును) పైనుంచి కిందికి దాటితే డైవర్జెన్స్‌కు బలం చేకూరినట్టే.

సమాధానం 3:
పై మాటతో పూర్తిగా ఏకీభవించలేను. రెండు ఇండికేటర్లూ లెక్కగట్టేది అవే ముగింపు ధరలతో. ఒకే మనిషి చెప్పిన మాటను ఇద్దరు సాక్షులు వల్లించినట్టుంటుంది ఆ ఏకాభిప్రాయం. ఈ లెక్కలో లేని సమాచారం కావాలంటే వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) చూడాలి. కొత్త గరిష్ఠం రోజున లావాదేవీలు పలచబడి, పడిన రోజుల్లో పెరుగుతుంటే దానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. పైగా ఎంఏసీడీ రూపాయల్లో ఉంటుంది కాబట్టి రూ.200 షేరు అంకెను రూ.3,000 షేరు అంకెతో పోల్చకూడదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మరో సందేహం: ఒకే షేరుకు ఒక యాప్‌లో ఆర్‌ఎస్‌ఐ ఒక్కరోజులో పాతాళానికి పడిపోగా, మరో యాప్‌లో మామూలుగానే ఉంది. కారణమేమై ఉంటుంది?

సమాధానం 1 ఇచ్చినవారు:
ఆ కంపెనీ బోనస్ ఇచ్చిందేమో, లేక షేరును విభజించిందేమో చూడండి. రిలయన్స్ 2024 అక్టోబరు 28 రికార్డు తేదీగా ఒకటికి ఒకటి బోనస్ (ఉన్న ప్రతి షేరుకు మరొకటి ఉచితంగా) ఇచ్చినప్పుడు షేరు ధర దాదాపు సగమైంది. పాత ధరలను దానికి తగ్గట్టు సవరించని చార్టు ఆ మార్పును పతనంగా లెక్కిస్తుంది. ముందుగా చార్టు సెట్టింగుల్లో సవరించిన ధరలను ఎంచుకుని, ఆ తర్వాత ఆర్‌ఎస్‌ఐ చూడండి.