బేస్‌బాల్: ఎన్ని అవుట్లయ్యాయో పిల్లలే గుర్తుపెట్టుకునేలా చేయడం ఎలా?

హనుమకొండలో అండర్-14 పిల్లలకు బేస్‌బాల్ నేర్పిస్తున్నాను. కొట్టడం, పట్టడం బాగానే వచ్చాయి. ఆట పరిస్థితే బుర్రలో ఉండట్లేదు. ఒక అవుటే అయింది, సెకండ్ బేస్‌లో (పరుగు రావాలంటే తాకాల్సిన నాలుగు మజిలీల్లో రెండోది) మనవాడున్నాడు అనుకోండి. బంతి గాల్లోకి లేవగానే మూడో బేస్‌కు ఉరుకుతాడు. ఫీల్డర్ క్యాచ్ పట్టి, వీడు వెనక్కి వచ్చేలోపే సెకండ్ బేస్‌కు విసిరితే కొట్టినవాడూ వీడూ ఇద్దరూ అవుట్, మొత్తం మూడు అవుట్లై ఇన్నింగ్స్ ఖతం. రెండు అవుట్లయ్యాక, బంతి బ్యాట్‌కు తగలగానే ఉరకాల్సినప్పుడేమో నిలబడి చూస్తాడు.

ప్రతి బంతికీ ముందు అరిచి చెప్పాను, అరిచినంతసేపే. వేళ్లతో చూపించమంటే ఒకరిని చూసి ఒకరు ఎత్తేస్తున్నారు. ప్రాక్టీస్‌లో ఆపి అడిగితే ఠక్కున చెప్తారు, మ్యాచ్ టెన్షన్‌లో మర్చిపోతారు. కోచే చెప్తుండాలని కొందరంటారు. బంతి లేచాక నా మాట వినే టైమ్ ఎక్కడిది? లెక్క ఆటగాడి దగ్గరే ఉండాలి.

మ్యాచ్‌లోనూ ఈ అలవాటు నిలిచేలా మీరు చేయించిన డ్రిల్ ఏదైనా ఉందా?