విశ్లేషణ పెరిగితే దైవనమ్మకం తగ్గుతుందా?

అడ్డప్రశ్న: 2012లోనే తేలిపోయింది కదండీ. సైన్స్ పత్రికలో మనస్తత్వ పరిశోధకులు జెర్వే, నొరెంజయాన్ రాశారు. రోడిన్ చెక్కిన ఆలోచనాపరుడి శిల్పం ఫొటో చూసినవాళ్లు, డిస్కస్ విసిరేవాడి శిల్పం చూసినవాళ్లకంటే దేవుణ్ణి తక్కువ నమ్ముతున్నామన్నారు.

నిదానం: ఆ ప్రయోగంలో ఉన్నది 57 మంది. 2017లో 941 మందితో మళ్లీ చేస్తే తేడాయే కనబడలేదు. 2018లో మరో బృందానికీ అంతే. అంత చిన్న గుంపులో అంత పెద్ద తేడా వచ్చినప్పుడే అనుమానించాల్సింది.

అడ్డప్రశ్న: శిల్పం పోతే పోనివ్వండి, విశ్లేషించి ఆలోచించే తీరును కొలవడానికి ఫ్రెడరిక్ 2005లో పెట్టిన పరీక్ష ఉందిగా. బ్యాటు, బంతి కలిపి 1.10 డాలర్లు, బ్యాటు బంతికంటే 1 డాలరు ఎక్కువ. బంతి ఎంత? నోటికొచ్చింది చెప్పకుండా ఆగి లెక్క చూసుకునేవాళ్లలో నమ్మకం తక్కువ.

చూపరి: 10 సెంట్లు. ఇందులో ఆగేదేముంది?

లెక్కలపిచ్చి: 10 అయితే బ్యాటు 1.10, మొత్తం 1.20 అవుతుంది. బంతి 5 సెంట్లు.

నిదానం: తక్కువంటే ఎంత? 2016 మెటా విశ్లేషణలో, అంటే చాలా అధ్యయనాల ఫలితాలు కలిపి చూసినదాంట్లో, సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా ముడిపడ్డాయో చెప్పే అంకె; సున్నా అయితే ముడి లేనట్టు) -0.18. దాన్ని వర్గం చేస్తే 0.03. మనుషుల నమ్మకాల్లోని తేడాల్లో నూటికి 3 వంతులు, అంతే. పైగా ఆ పరీక్షలో ఉన్నవి మూడే ప్రశ్నలు. లెక్కల్లో పట్టున్నవాడికి ఊరికే మార్కులొస్తాయి, ముందే చూసినవాడికి ఆగే పనే లేదు.

భక్తిమార్గం: తిప్పితిప్పి భక్తులకు బుర్ర లేదనడమేగా! ఈ వేదికలో ప్రతిసారీ ఇదే వరస.

అడ్డప్రశ్న: ఎవరన్నారండీ? తెలివి వేరు, ఆలోచించే తీరు వేరు. పెన్నీకుక్ బృందం 2012లో తెలివితేటల ప్రభావాన్ని తీసేసి చూసినా సంబంధం నిలిచింది.

భక్తిమార్గం: మాట మార్చకండి. ఆలోచిస్తే ఎవడైనా నాస్తికుడవుతాడనేగా మీ ఉద్దేశం?

అడ్డప్రశ్న: అవును, చాలామంది విషయంలో అదే అంటాను.

నిదానం: ఇదీ అసలు పేచీ. ఇంతసేపూ శిల్పాలూ బంతులూ ఎందుకు? జెర్వేయే 2018లో 13 దేశాల్లో కొలిస్తే ఆ సంబంధం బలహీనంగా ఉంది, దేశానికో తీరుగా మారింది. అమెరికాలో 2021లో చూస్తే అవిశ్వాసాన్ని బాగా పట్టిచ్చింది పెంపకం: చుట్టూ ఉన్నవాళ్లు భక్తిని చేతల్లో చూపకపోవడం. అలా చూపినచోట పెరిగినవాళ్లకు విశ్లేషణ స్కోరు ఎక్కువున్నా నమ్మకం పెద్దగా తగ్గలేదు.

అడ్డప్రశ్న: మరి చూపనిచోట పెరిగినవాళ్లలో తగ్గిందిగా? దానికి జవాబు చెప్పండి.